సర్కారు వకీలుకి జనం ఓటు ఎందుకు లేదు? అల్లాడి జీవితంలో వెతికితే దొరికిన జవాబు

నూజివీడు చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్లి సర్పంచ్ ఎవరని అడగండి, ఠక్కున చెబుతారు. ఎమ్మెల్యే పేరు బడి పిల్లోడు కూడా చెబుతాడు. రాష్ట్ర అడ్వకేట్ జనరల్ ఎవరని అడగండి. పదిమందిలో ఒక్కళ్లు చెబితే గొప్ప. అట్టాంటి పదవి ఒకటుందనే చాలామందికి తెలీదు.

ఏజీ అంటే హైకోర్టులో రాష్ట్ర ప్రభుత్వం తరఫున నిలబడే పెద్ద వకీలు. మన ఊరి చెరువు మీద కేసు పడినా, అసైన్డ్ పట్టా మీద పడినా, రోడ్డు కోసం మామిడి తోట పోయిన రైతు నష్టపరిహారం కోసం కోర్టుకెక్కినా అవతలి పక్క ఉండేది ప్రభుత్వమే. ఆ ప్రభుత్వ వకీళ్లందరికీ పైన ఉండే మనిషి ఈయన. మన డబ్బుతో మన పేరు మీద వాదిస్తాడు. చాలాసార్లు మన మీదే వాదిస్తాడు. ఆయన్ని ఎంచుకోవడంలో మాత్రం మన పాత్ర సున్నా.

అమెరికాలో ఇట్టా కాదు. అక్కడి 50 రాష్ట్రాల్లో 43 చోట్ల అటార్నీ జనరల్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. డల్లాస్‌లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న మన కృష్ణా జిల్లా కుర్రోడికి టెక్సస్ ఏజీని ఎన్నుకునే ఓటు ఉంది. న్యూజెర్సీలో ఉన్న వాడి చెల్లెలికి లేదు, అక్కడ గవర్నరే వేస్తాడు. మరి ఇక్కడున్న మనకెందుకు లేదు? ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు?

ఈ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే నాకు ఒక తెలుగు నేల మనిషి జీవితం ఎదురైంది. ఆయనే అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. పేరు చాలామంది వినే ఉంటారు. అంబేడ్కర్ గారితో పాటు రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నాయన. దానికంటే ముందు పదిహేనేళ్లు మద్రాసు రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్. అంటే ఆ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే, ఆ కుర్చీ ఎట్టా ఉండాలో రాసినవోళ్లలోనూ ఆయన ఉన్నాడు.

నేను కాలేజీలో లా చదివినోణ్ని కాదు. పట్టాల గొడవల్లో, మామిడి రైతుల తరుగు గొడవల్లో జనంతో పాటు కోర్టు వరండాల్లో నిలబడి, పాత పుస్తకాల కొట్టులో కొన్న చట్టాల పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదే నా చదువు. ఆ కళ్లతోనే అల్లాడి జీవితం చూస్తున్నాను.

పూజారి కొడుకు, జమీందారీ కేసుల కాలం

అల్లాడి పుట్టింది 1883 మే 14న, అప్పటి నెల్లూరు జిల్లా పుదూరులో. తండ్రి ఏకామ్ర శాస్త్రి గుడి పూజారి. ఇంట్లో కలిమి లేదు, చదువు మీద పట్టుదల ఉంది. 1899లో మెట్రిక్యులేషన్ పాసై, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివి, ఆ తర్వాత లా పూర్తి చేసి మద్రాసు హైకోర్టులో అడుగుపెట్టాడు. అప్పుడు వకీళ్ల ఇళ్లల్లోంచి వకీళ్లు, పెద్ద ఉద్యోగుల ఇళ్లల్లోంచి బారిస్టర్లు వచ్చేవాళ్లు. పల్లెటూరి పూజారి కొడుక్కి అక్కడ చెయ్యిచ్చి లాగే బంధువులుండరు. జ్ఞాపకశక్తి, పుస్తకం మీద పట్టు, ఎంత చిక్కుముడి కేసైనా దాని మూలం కాడికి వెళ్లే బుర్ర, ఈ మూడింటితోనే పైకొచ్చాడు. తర్వాత మైలాపూరులో తన ఇంటికి ఏకామ్ర నివాస్ అని తండ్రి పేరే పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో మద్రాసు హైకోర్టుకి పెద్ద గిరాకీ తెచ్చేవి జమీందారీ వ్యాజ్యాలు. వారసుడెవడు, దత్తత చెల్లుతుందా, ఎస్టేట్ ముక్కలు చెయ్యొచ్చా లేక పెద్దకొడుక్కేనా, ఇవే గొడవలు. మన నూజివీడు జమీందారీ వాటాల తగాదా కూడా 19వ శతాబ్దంలోనే లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా ఎక్కింది. మేకా అప్పారావు గార్ల సంస్థానం శాఖలు శాఖలుగా చీలి ఉయ్యూరనీ, మీర్జాపురమనీ వేరుపడిన కథ మన పెద్దోళ్లకి తెలిసిందే. జమీందారులు తమలో తాము పంచుకోవడానికి లండన్ దాకా వెళ్లగలిగారు. శిస్తు కట్టలేక భూమి పోగొట్టుకున్న రైతు బందరు కోర్టు గుమ్మం ఎక్కడానికే భయపడేవాడు. చట్టం అనే సరుకు ఎవరి అంగట్లో ఉండేదో ఈ ఒక్క ముక్క చాలు.

అల్లాడి వకీలుగా ఎదిగింది ఈ లోకంలోనే. అదే కాలంలో అదే హైకోర్టులో ఇంకో పేదింటి బిడ్డ ప్రాక్టీస్ చేసేవాడు. ఆయన టంగుటూరి ప్రకాశం. లండన్‌లో బారిస్టరీ చదివొచ్చి, బాగా గడించి, గాంధీ గారి పిలుపు విని 1921లో ప్రాక్టీస్ వదిలేశాడు. అల్లాడి వదల్లేదు. ఒకళ్లు వీధిలోకి వెళ్లారు, ఒకళ్లు కోర్టులోనే ఉన్నారు. ఇద్దరినీ పోల్చి ఒకర్ని పెద్దచేసి ఒకర్ని చిన్నచెయ్యడం నాకిష్టం లేదు. ఎందుకంటే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఈ ఇద్దరి పనీ మన మామిడి నేల మీద కలుస్తుంది.

మంత్రులు మారారు, వకీలు మారలా

1929లో అల్లాడి మద్రాసు అడ్వకేట్ జనరల్ అయ్యాడు. 1932లో బ్రిటిష్ వాళ్లు సర్ బిరుదిచ్చారు. 1944 వరకూ అదే పదవిలో ఉన్నాడు. ఆ పదిహేనేళ్లలో మద్రాసు గద్దె మీద ఎవరెవరు కూర్చున్నారో ఒక్కసారి లెక్కేయండి. మొదట సుబ్బరాయన్. ఆ తర్వాత జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు, అందులో స్వయానా పెద్ద జమీందారైన బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి. 1937లో రాజాజీ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది, అందులో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. 1939లో కాంగ్రెస్ రాజీనామా చేశాక ఎన్నికైన ప్రభుత్వమే లేదు, గవర్నర్ పాలన. వీళ్లందరికీ వకీలు ఒక్కడే.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. చట్టం పార్టీల మీద ఆధారపడదు, వకీలు తన వృత్తికి కట్టుబడ్డాడు అని ఒకటి. ఏ దొర వచ్చినా పల్లకీ మోసేవాడు మారలేదు అని ఇంకోటి. నేను రెండోది సగమే ఒప్పుకుంటాను. ఎందుకంటే తప్పు మనిషిది కాదు, పదవిని తయారుచేసిన తీరుది. 1935 చట్టం ప్రకారం ఏజీని వేసేదీ తీసేసేదీ గవర్నర్ సొంత విచక్షణ. మంత్రులు జనం ఓటుతో వచ్చినా (ఆ ఓటు కూడా ఆస్తీ చదువూ ఉన్నోళ్లకే) వాళ్ల వకీలు మాత్రం తెల్లదొర మనిషిగానే ఉండాలని వాళ్ల లెక్క.

ఆ రోజుల్లోనే ప్రకాశం గారి కమిటీ జమీందారీ ప్రాంతాలు తిరిగింది. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు కింద రైతుల గతేంటో విచారించి 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు సాగుచేసే రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అనేది దాని సారం. చట్టం అయ్యేలోపే ప్రభుత్వం దిగిపోయింది. ఆ మాట చట్టమవడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

జనం మీద నమ్మకం, కానీ ఎంతవరకు?

1946లో రాజ్యాంగ సభకి సభ్యుల్ని పంపించేటప్పుడు కాంగ్రెస్ పార్టీ తన సభ్యులు కాని నిపుణుల్ని కూడా కొందర్ని ఎంచుకుంది. అల్లాడి అట్టా వెళ్లాడు. నేరుగా జనం ఓటుతో కాదు, మద్రాసు శాసనసభ్యుల ఓటుతో. 1947 ఆగస్టు 29న ఏర్పడ్డ ఏడుగురి ముసాయిదా కమిటీలో ఆయనకి చోటు దక్కింది. ఆ కమిటీలోకి తర్వాత వచ్చిన న్యాపతి మాధవరావు గారు మన బందరులో పుట్టినాయనే. పని ముగిశాక అంబేడ్కర్ గారు, అల్లాడి లాంటి తనకన్నా పెద్ద నిపుణులుండగా అధ్యక్ష పదవి తనకి రావడం ఆశ్చర్యమేసిందని సభలోనే పెద్దమనసుతో చెప్పారు.

అప్పటికి అల్లాడి ఆరోగ్యం బాగోలేదు. అయినా పని మానలేదు. పౌరసత్వం, కేంద్రం రాష్ట్రాల అధికారాలు, కోర్టులు, ఏ మూల చూసినా ఆయన చెయ్యి కనపడుతుంది. మన బతుకులకి నేరుగా తగిలినవి మూడు చెబుతాను.

మొదటిది వయోజన ఓటు. అక్షరం రానోళ్లకి ఓటేంటని ఎగతాళి చేసినవోళ్లు ఆ రోజుల్లో తక్కువేం కాదు. 1951 నాటికి కూడా దేశంలో చదవను రాయను వచ్చినోళ్లు నూటికి 18 మందే. 1949 నవంబరులో అల్లాడి రాజ్యాంగ సభలో దీని మీద గట్టిగా నిలబడ్డాడు. జనానికి చదువు లేకపోయినా మామూలు మనిషి మీద నిండు నమ్మకంతో ఈ ఓటు ఇస్తున్నామనీ, దీనివల్లే సామాన్యుడి బతుకు బాగుపడుతుందనీ ఆయన వాదం. మైలాపూరు బంగళాలో ఉండే సర్ బిరుదు మనిషి అన్న మాట ఇది. తర్వాత రెండేళ్లకే 17 కోట్లకు పైగా జనం ఓటరు జాబితాలో ఉన్నారు. మన తోటల్లో కాయ కోసే కూలోడు, సంస్థానం రాజావారు ఒకే లైన్లో నిలబడ్డారు.

రెండోది ఆస్తి హక్కు. జమీందారీల్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1948లో 26వ నంబరు చట్టం తెచ్చింది. నష్టపరిహారం చాలదని జమీందారులు కోర్టుల్లో దాన్ని కొట్టేయిస్తారన్న భయం ఉండేది. 1949 సెప్టెంబరులో ఆస్తి అధికరణం మీద చర్చ జరిగినప్పుడు అల్లాడి ఈ చట్టాలకి రక్షణ ఇవ్వడాన్ని సమర్థించాడు. ఆస్తి దానికోసం అది పుట్టలేదు, ధర్మం కోసం, సమాజం కోసమే ఉందన్నది ఆయన చెప్పిన భావం. ప్రకాశం రైతుల మధ్య తిరిగి తేల్చిన మాటకి, అల్లాడి సభలో కూర్చుని తాళం వేశాడన్నమాట. నూజివీడు రైతు చేతికి రైత్వారీ పట్టా రావడం వెనక వీధిలో పోరాడినోళ్లూ ఉన్నారు, అక్షరాలతో కాపాడినోళ్లూ ఉన్నారు.

మూడోది మాత్రం నాలాంటోళ్లకి మింగుడుపడదు. 21వ అధికరణంలో మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించి, తీసుకునే విధానం న్యాయంగా ఉందా లేదా అని కోర్టు చూసే మాట ఒకటి మొదట ఉండేది. దాన్ని తీసేసి, చట్టం చెప్పిన విధానం ఉంటే చాలన్నట్టు మార్చారు. అల్లాడి మొదట పాత మాటవైపే ఉండి తర్వాత మార్పువైపు వచ్చాడు. ఆయన భయం ఏంటంటే, అమెరికాలో జడ్జీలు ఆ మాట పట్టుకుని కార్మిక చట్టాల్ని కొట్టేసినట్టు, ఇక్కడ సంస్కరణ చట్టాల్ని కొట్టేస్తారని. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం ఏమైంది? 1950లో మద్రాసు జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకెళితే, చట్టం ఉంది కాబట్టి ముందస్తు నిర్బంధం చెల్లుతుందని చెప్పేశారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా నుంచి జైళ్లకెళ్లిన కమ్యూనిస్టు కుటుంబాలకి దీని అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి 1978లో మేనకా గాంధీ కేసు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు మన అసలు ప్రశ్న కాడికొద్దాం. రాష్ట్ర గవర్నర్ని జనమే నేరుగా ఎన్నుకోవాలని 1947లో మొదట అనుకున్నారు. 1949 మే చివర్లో ఆ ఆలోచన మార్చుకుని, పైనుంచి నియమించే పద్ధతి తెచ్చారు. అల్లాడి ఈ మార్పుకి మద్దతుగా మాట్లాడాడు. జనం ఓటుతో ముఖ్యమంత్రీ వచ్చి, జనం ఓటుతో గవర్నరూ వస్తే ఇద్దరూ కొట్టుకుంటారన్నది వాదం. అదే విడత సభ అడ్వకేట్ జనరల్ అధికరణం కూడా తేల్చింది. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే ఏజీ కూడా దిగిపోవాలని ముసాయిదాలో ఉండేది. దాన్ని తీసేసి, గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం ఉంటాడని పెట్టారు. గవర్నర్ ఇష్టమంటే ఆచరణలో మంత్రివర్గం ఇష్టం. ఇదే ఇప్పటి 165వ అధికరణం. జనం ఓటేసి ఎన్నుకోవడం అనే ఊసు ఇందులో లేదు.

సామాన్యుడి మీద అంత నమ్మకం పెట్టిన సభ, ఆ సామాన్యుడి వకీలుని మాత్రం సామాన్యుడి చేతికి ఇవ్వలా. పాలకుణ్ని ఎంచుకునే తెలివి ఉన్నోడికి వకీలుని ఎంచుకునే తెలివి లేదనుకున్నారా? అట్టా అని ఎవరూ అనలేదు. వాళ్ల దృష్టిలో ఏజీ ప్రభుత్వం వకీలు, జనం వకీలు కాదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

చెరువు చేతులు మారింది

1948 చట్టంతో జమీందారు పోయాడు. రైతు సాగులో ఉన్న భూమికి పట్టా వచ్చింది. మరి ఎస్టేట్‌లోని చెరువులు, బీళ్లు, పోరంబోకులు, అడవులు ఎవరికి పోయాయి? ప్రభుత్వానికి. అంటే అంతకుముందు చెరువు గురించి గొడవొస్తే రైతు ఒక పక్క, జమీందారు ఒక పక్క. ఇప్పుడు రైతు ఒక పక్క, ప్రభుత్వం ఒక పక్క. జమీందారు తన వకీలుకి తన జేబులోంచి ఇచ్చుకునేవాడు. ఇప్పుడు అవతలి వకీలుకి ఫీజు కట్టేది మనమే.

అది చాలక, జనం తరఫున దావా వేసే అధికారం కూడా చట్టం ఈ ఏజీ చేతిలోనే పెట్టింది. చెరువు కప్పెట్టినా, దారి మూసేసినా, గాలీ నీరూ పాడుచేసినా ఊరుమ్మడి నష్టం కింద సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ ప్రకారం దావా వెయ్యొచ్చు. గుడి మాన్యాలు, ధర్మసంస్థల ఆస్తులు తినేస్తుంటే 92వ సెక్షన్. 1976 దాకా ఊళ్లోవాళ్లు ఇద్దరు కలిసి ఈ దావాలు వెయ్యాలన్నా ఏజీ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇప్పుడు కోర్టు అనుమతితో ఇద్దరు వెయ్యొచ్చు. ఏజీ అధికారం మాత్రం అట్టాగే ఉంది. నేను తిరిగిన ఊళ్లల్లో ఈ సెక్షన్ల కింద ఏజీ తనంతట తాను మా కోసం వచ్చి దావా వేసిన సంగతి ఒక్కటీ వినలా. ప్రభుత్వమే వేసిన మనిషి, ప్రభుత్వ శాఖ కప్పెట్టిన చెరువు మీద దావా వేస్తాడా?

ఇంకో తమాషా. ముఖ్యమంత్రితో పాటు ఏజీ దిగాలనే మాట రాజ్యాంగంలోంచి తీసేశారు గదా, ఆచరణలో జరిగేది అదే. మన రాష్ట్రంలో 2019లో ప్రభుత్వం మారింది, ఏజీ మారారు. 2024లో మారింది, మళ్లీ మారారు. అల్లాడి కాలంలో మంత్రులు మారినా వకీలు మారలేదు. ఇప్పుడు వకీలు మారతాడు, జనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ గుమ్మం బయటే.

అయితే మనం కూడా అమెరికాలో లాగా ఏజీ ఎన్నికలు పెట్టుకుందామా? తొందరపడొద్దు. ఆ పద్ధతిలో మంచి ఉంది. 1994లో మిసిసిపీ రాష్ట్రం ఏజీ సిగరెట్ కంపెనీల మీద కేసు వేశాడు, మిగతా రాష్ట్రాలు కలిశాయి. 1998లో 46 రాష్ట్రాలతో కంపెనీలు రాజీకొచ్చి 20,000 కోట్ల డాలర్లకి పైగా కట్టడానికి ఒప్పుకున్నాయి. జనానికి జవాబు చెప్పాల్సిన వకీలు ఉంటే ఏం చెయ్యగలడో అది చూపించింది. చెడూ ఉంది. ఎలక్షన్ ఖర్చులు ఎవరు పెడతారో వాళ్ల మీద కేసు వేస్తాడా? ఏజీ కుర్చీ మీద నుంచి గవర్నర్ కుర్చీకి కన్నేసినవాడు చట్టం చూస్తాడా, టీవీ కెమెరా చూస్తాడా? ఓటుకి నోటు పంచే మన ఊళ్లల్లో ఏజీ ఎన్నిక వస్తే, రియల్ ఎస్టేట్ డబ్బుతో గెలిచే వకీలు మన చెరువు కాపాడతాడనుకోవడం అత్యాశ.

కాబట్టి నేను ఓటు అడగట్లా, జవాబుదారీ అడుగుతున్నా. ఏజీగా ఎవర్ని వేస్తున్నారో ముందు శాసనసభలో పేరు పెట్టండి, చర్చించండి. 177వ అధికరణం ఏజీకి అసెంబ్లీలో మాట్లాడే హక్కు ఇచ్చింది, ఓటు లేదు గానీ నోరు ఉంది. ఏడాదికొకసారి ఆయన సభకొచ్చి ప్రభుత్వం జనం మీద ఎన్ని కేసులు నడుపుతోందో, ఎన్ని ఓడిపోయాక కూడా అప్పీలుకెళ్లిందో, ఎంత ఫీజు ఖర్చయిందో చెప్పాలి. ఊరుమ్మడి నష్టాల మీద జనం పంపిన అర్జీలకి ఒక రిజిస్టరు పెట్టి, ఒప్పుకున్నా కాదన్నా కారణం రాయాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ప్రభుత్వానికి మనసుంటే చాలు.

అల్లాడి 1953 అక్టోబరు 3న కన్నుమూశాడు. అంతకు రెండు రోజుల ముందే, అక్టోబరు 1న, ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆయన పుట్టిన నెల్లూరు, మన నూజివీడు ఒకే కొత్త రాష్ట్రంలో పడ్డాయి. ఆయన కొడుకు అల్లాడి కుప్పుస్వామి తర్వాత రోజుల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆయన్ని దేవుణ్ని చెయ్యక్కర్లేదు, దొరల మనిషని కొట్టిపారెయ్యక్కర్లేదు. ఓటు విషయంలో ఆయన మన మీద పెట్టిన నమ్మకం వమ్ము కాలేదు. డెబ్భై ఏళ్లకు పైగా చదువు లేనోళ్లే ప్రభుత్వాల్ని ఎక్కించారు, దించారు. అదే నమ్మకాన్ని ఇంకొక మెట్టు పైకి, హైకోర్టు మెట్ల దాకా తీసుకెళ్లడం మన వంతు. ఈసారి ఓటడగడానికి మన తోటల్లోకి వచ్చే నాయకుణ్ని రోడ్డు, నీళ్లతో పాటు ఇది కూడా అడగండి: మీరు గెలిస్తే మా మీద వాదించే వకీలుని ఎవర్ని పెడతారు, ఆయన మాకు ఎప్పుడు జవాబు చెబుతాడు?